దెబ్బ తగిలింది ఎన్ని గంటలకు?

ఒమన్ అనగానే మస్కట్ తప్ప ఇంకో ఊరు గుర్తుకు రాని మిత్రుల కోసం ముందుగా రెండు ముక్కలు. మస్కట్ నుంచి ఆగ్నేయంగా, కొండల మధ్య రోడ్డు మీద గంటన్నర, రెండు గంటలు వస్తే ఇబ్రా తగులుతుంది. ఖర్జూర తోటలు, పాత మట్టి కట్టడాలు, బుధవారం నాడు ఆడవాళ్ళ కోసమే జరిగే సంత, ఇవీ ఇక్కడి విశేషాలు. ఇంకాస్త ముందుకు వెళ్తే బిదియా, ఆ పైన ఇసుక తిన్నెలు. అమెరికాలో ఎం.ఎస్. చేసి, కొన్నాళ్ళు అక్కడే ఉండి, సాఫ్ట్‌వేర్ పని మీద ఈ ఊరొచ్చి పడ్డాను. డాక్టర్ని కాను. ఈ మాట రెండుసార్లు చెప్పానని అనుకోండి, ఎందుకంటే ఇక మీదట అంతా డాక్టర్ల సంగతే.

కిందటి చలికాలం ఒక గురువారం రాత్రి. మా పక్క ఫ్లాట్‌లో ఉండే కాకినాడ కుర్రాడు, ఇక్కడొక కాంట్రాక్టు కంపెనీలో సైట్ ఇంజనీరు, బిదియా వైపు నుంచి వస్తున్నాడు. చీకట్లో ఒంటె అడ్డం వచ్చింది. స్టీరింగ్ గట్టిగా తిప్పేశాడు, పికప్ పల్టీలు కొట్టింది. నాకు ఫోన్ వచ్చి ఆసుపత్రికి పరుగెత్తేసరికి అంబులెన్స్‌లో తెచ్చి లోపల పడుకోబెట్టారు. తొడ ఎముక విరిగింది, పొట్ట గట్టిపడుతోంది, మనిషి తెల్లగా పాలిపోయి ఉన్నాడు.

నర్సు అడిగిన మొదటి ప్రశ్న, "యాక్సిడెంట్ ఎన్ని గంటలకు జరిగింది?" పోలీసు కేసు రాసుకోవడానికేమో అనుకుని "ఇందాకే" అన్నాను. రెండు నిమిషాల తరువాత డాక్టరు వచ్చి అదే అడిగారు. "ఓ గంట అయ్యుంటుంది" అన్నాను. "గంటా? రెండు గంటలా?" అన్నారు. నాకు తెలియదు. నా ధ్యాసంతా వేరే చోట ఉంది. "నా దగ్గర పెద్ద బండి ఉంది డాక్టర్, మస్కట్ తీసుకెళ్ళిపోతాను, కాగితాలు ఇవ్వండి చాలు" అని ఆయన వెంట పడుతున్నాను.

అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ ఒక ఒమనీ పెద్దాయన ముందుకొచ్చాడు. బోడి తలతో ఉన్నాడు. ఆయన తలకు చుట్టుకోవాల్సిన మస్సర్ మా కుర్రాడి తొడ మీద, రక్తంలో తడిసి ముద్దయి ఉంది. ఆయన తన ఫోన్ తీసి చూపించాడు. 9999కి చేసిన కాల్, 8:47. కళ్ళ ముందే పల్టీ కొట్టిందట, వెంటనే చేశాడట. డాక్టరు గోడ గడియారం వైపు చూసి నర్సుకు ఏదో చెప్పారు. ఒక చిన్న మందు కలిపి పది నిమిషాల పాటు ఎక్కించారు. నా వైపు తిరిగి, "దారిలో ఇతని బీపీ పడిపోతే మీరేం చేస్తారు? ముందు ఇక్కడ రక్తం ఆపుదాం. మస్కట్ ఎక్కడికీ పోదు" అన్నారు.

ఆ రాత్రే పొట్ట తెరిచి, చితికిపోయిన ప్లీహాన్ని తీసేశారు. నిలకడగా ఉన్నాడనుకున్నాక తొడ ఎముక కోసం మస్కట్‌లోని ఖౌలా ఆసుపత్రికి పంపారు. ఒమన్‌లో పెద్ద దెబ్బలకు, ఎముకలకు, తల గాయాలకు పెద్ద దిక్కు అదే. కుర్రాడు ఇప్పుడు నడుస్తున్నాడు. (ప్లీహం లేనివాళ్ళకు కొన్ని ఇన్ఫెక్షన్లు ప్రాణం మీదకు వస్తాయి కాబట్టి న్యూమోకాకల్, మెనింగోకాకల్ టీకాలు తప్పనిసరిట. మీ ఎరుకలో ఎవరికైనా ఆ ఆపరేషన్ జరిగి ఉంటే టీకాలు పడ్డాయో లేదో కనుక్కోండి.)

అందరూ టైము ఎందుకు అడిగారన్నది నా బుర్రలో ఉండిపోయింది. తరువాత వారాంతాల్లో కూర్చుని చదివాను. చదివిన కొద్దీ, ఆ ప్రశ్న వెనక ఎంత పెద్ద పరిశోధన ఉందో తెలిసి ఆశ్చర్యపోయాను.

ఆ చిన్న మందు పేరు ట్రనెక్సామిక్ ఆసిడ్. మన ఇళ్ళలో ఆడవాళ్ళకు ఈ పేరు కొత్త కాదు, నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే డాక్టర్లు రాసే మాత్ర ఇదే. జపాన్‌లో ఉతాకో ఒకామోతో, షోసుకే ఒకామోతో అనే పరిశోధక దంపతులు 1962లో దీన్ని లోకానికి చూపించారు. కాన్పులో రక్తం పోయి చనిపోతున్న తల్లులను కాపాడాలన్నది ఆవిడ కోరిక. ఆవిడ 2016లో, 98 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఇది పనిచేసే తీరు మన పల్లెటూరి భాషలో చెబుతాను. చెరువు కట్టకు గండి పడింది. ఊరి జనం ఇసుక బస్తాలు వేస్తున్నారు. అదే సమయంలో ఇంకో గుంపు వచ్చి ఆ బస్తాలను లాగి అవతల పారేస్తోంది. ఒంట్లో సరిగ్గా ఇదే జరుగుతుంది. గాయం దగ్గర రక్తం గడ్డ కడుతుంది, ఆ గడ్డను కరిగించే ఏర్పాటు కూడా ఒంట్లోనే ఉంది. మామూలు రోజుల్లో అది మంచిదే, అది లేకపోతే నాళాలు పూడుకుపోతాయి. కానీ పెద్ద దెబ్బ తగిలినప్పుడు కొందరిలో ఈ కరిగించే పని మొదటి గంటల్లోనే విజృంభిస్తుంది. ట్రనెక్సామిక్ ఆసిడ్ కొత్తగా బస్తాలు వేయదు, వేసిన బస్తాలు లాగేవాళ్ళ చేతులు పట్టుకుంటుంది, అంతే. కాబట్టి కట్ట ఇంకా కాస్తయినా మిగిలి ఉండగానే ఇవ్వాలి.

ఈ సంగతి ఊహగా చెప్పడం వేరు, లెక్క తేల్చడం వేరు. లెక్క తేల్చింది క్రాష్-2 అనే పరీక్ష. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ వాళ్ళు నడిపారు, ఫలితాలు 2010లో లాన్సెట్‌లో వచ్చాయి. 40 దేశాలు, 274 ఆసుపత్రులు, 20,211 మంది క్షతగాత్రులు. మన దేశపు ఆసుపత్రుల నుంచి వేల మంది ఇందులో ఉన్నారు. సగం మందికి మందు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది వెళ్ళిందో ఇచ్చిన డాక్టరుకు కూడా తెలియదు. మనలాంటి కంప్యూటర్ వాళ్ళకు నచ్చే విషయం ఒకటుంది. ఫోన్ చేసి నంబరు తీసుకునే వీలు లేని ఆసుపత్రులకు ఎనిమిది ప్యాకెట్లున్న పెట్టెలు ముందే పంపారు. రోగి రాగానే అన్నిటికన్నా చిన్న నంబరున్న ప్యాకెట్ తీసి ఇచ్చేయడమే. సర్వర్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు. ఇంత సాదా డిజైన్‌తో ఇరవై వేల మందిని నడిపించారు.

మందు తీసుకున్నవాళ్ళలో నూటికి 14.5 మంది చనిపోయారు, ఉప్పునీళ్ళు తీసుకున్నవాళ్ళలో 16 మంది. ఒకటిన్నర శాతం తేడా, ఇంతేనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ దాదాపు 67 మందికి ఇస్తే ఒక ప్రాణం మిగిలినట్టు. పేటెంట్ ఎప్పుడో తీరిపోయిన చవక మందుతో! 2011లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో దీన్ని ఈ పనికి చేర్చింది.

అసలు కథ అదే సంవత్సరం బయటపడింది. వాళ్ళే లెక్కల్ని టైము ప్రకారం విడదీసి చూశారు. దెబ్బ తగిలిన గంటలోపు మందు పడినవాళ్ళలో రక్తం పోయి చనిపోయినవాళ్ళు 5.3 శాతం, మందు పడనివాళ్ళలో 7.7. ఒకటి నుంచి మూడు గంటల మధ్య అయితే 4.8కి 6.1. మూడు గంటలు దాటాక ఇచ్చిన చోట లెక్క తిరగబడింది! మందు పడినవాళ్ళలో 4.4 శాతం, పడనివాళ్ళలో 3.1. అంటే అదే మందు, అదే డోసు, ఆలస్యమైతే చేటు చేసే సూచన ఉంది. 2018లో నలభై వేల మందికి పైగా రోగుల వివరాలు కలిపి చూసిన ఇంకో అధ్యయనం, పావుగంట ఆలస్యానికి సుమారు పది శాతం చొప్పున ప్రయోజనం తరిగిపోతుందని తేల్చింది.

నర్సు అడిగిన ప్రశ్న అర్థమైంది కదా. నేను "ఇందాకే" అన్న జవాబుకు అక్కడ ఏ విలువా లేదు. ఆ పెద్దాయన ఫోన్‌లోని 8:47కి ఉంది.

ఇది సర్వరోగ నివారిణి కాదని కూడా చెప్పాలి, లేకపోతే వాట్సాప్ వైద్యం అయిపోతుంది. తల గాయాల మీద 12,737 మందితో చేసిన క్రాష్-3 (2019) మూడు గంటల్లోపు ఇస్తే తేలికపాటి, మధ్యస్థ గాయాల్లో మేలు చూపింది, మరీ తీవ్రమైన వాటిలో చూపలేదు. కడుపులో, పేగుల్లో రక్తం పోయేవారి మీద చేసిన హాల్ట్-ఇట్ (2020) ఏ మేలూ చూపలేదు, పైగా నాళాల్లో గడ్డలు పెరిగాయి. అంబులెన్స్‌లోనే ఇచ్చి చూసిన ప్యాచ్ పరీక్ష (2023) మరీ ఆలోచింపజేసేది. 28 రోజుల దగ్గర మరణాలు తక్కువగానే కనిపించాయి కానీ, ఆరు నెలల తరువాత తన పని తాను చేసుకోగలిగే స్థితిలో ఉన్నవాళ్ళ సంఖ్య రెండు వైపులా సమానంగా తేలింది. బతకడం ఒకటి, బతుకు తిరిగి రావడం ఒకటి.

ఇక సెలైన్ సంగతి. దీని గురించి రాయడానికి నాకు సొంత కారణం ఉంది.

మాది సిద్దిపేట దగ్గర ఊరు. 2003లో మా మేనమామ ట్రాక్టరు మీద నుంచి పడ్డాడు. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఊళ్ళో వైద్యం చేసే ఆయన వచ్చి సెలైన్ పెట్టాడు. "సెలైన్ ఎక్కుతోంది, ఇంక పర్వాలేదు" అన్నారు అందరూ. జీపులో వెనక సీటు మీద మామ, పక్కన అత్త, సీసా పైకెత్తి పట్టుకుని నేను. సీసా అయిపోతే ఇంకోటి తగిలించారు. దారిలో ఆసుపత్రులు తగిలాయి. "ఇక్కడ వద్దు, పెద్ద దవాఖానకే పోదాం" అన్నారు పెద్దవాళ్ళు. శామీర్‌పేట దాటకముందే అత్త ఏడుపు మొదలుపెట్టింది. సీసా ఇంకా సగం ఉంది.

సెలైన్ అంటే ఉప్పునీళ్ళు. అది ప్రాణవాయువును మోయలేదు, గడ్డ కట్టించలేదు. లోపల రక్తం పోతున్న మనిషికి సీసాల కొద్దీ ఎక్కిస్తే, ఉన్న రక్తం పలచబడుతుంది, ఒళ్ళు చల్లబడుతుంది, బీపీ ఒక్కసారి పెరిగి అప్పుడే పట్టుకున్న గడ్డ ఊడిపోవచ్చు. ఒళ్ళు చల్లబడటం, రక్తంలో ఆమ్లం పెరగడం, గడ్డకట్టే గుణం పోవడం, ఈ మూడూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. సర్జన్లు వీటిని మృత్యు త్రయం అంటారు. 1994లో హ్యూస్టన్ నగరంలో చేసిన అధ్యయనం ఈ విషయంలో పెద్ద మలుపు. ఛాతీకో పొట్టకో తూటా, కత్తి దెబ్బలు తగిలి బీపీ పడిపోయిన 598 మంది. రోజు విడిచి రోజు పద్ధతి మార్చారు. ఒక రోజు వచ్చినవాళ్ళకు అంబులెన్స్‌లోనే సెలైన్ లాంటి ద్రవాలు, మరుసటి రోజు వచ్చినవాళ్ళకు ఆపరేషన్ టేబుల్ ఎక్కేదాకా ఏమీ లేదు. ఆగినవాళ్ళలో 70 శాతం బతికారు, ముందే ఎక్కించినవాళ్ళలో 62.

అది పెద్ద నగరం, ఆసుపత్రి దగ్గర, అవి కత్తి గాయాలు. ట్రాక్టరు ప్రమాదానికి దాన్ని నేరుగా అంటగట్టలేం. అయినా దారి అటే మళ్ళింది. పెద్ద రక్తస్రావం మీద యూరప్ డాక్టర్ల మార్గదర్శకాల 2023 కూర్పు, రక్తం ఆగేదాకా పై బీపీని 80, 90 మధ్య ఉంచితే చాలంటుంది. తలకు తీవ్రంగా దెబ్బ తగిలినవాళ్ళకు మాత్రం ఇది వర్తించదు, మెదడుకు రక్తం అందాలి కాబట్టి వాళ్ళకు ఎక్కువ బీపీ కావాలి. పోయింది రక్తం కనుక రక్తమే ఇవ్వాలి, అందులోనూ ఎర్ర కణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు దగ్గర దగ్గర సమానంగా ఇస్తే మంచిదని 2015లో అమెరికాలో 680 మందితో చేసిన పరీక్ష సూచించింది. మొత్తం మరణాల్లో గట్టి తేడా తేలలేదు కానీ, మొదటి రోజు రక్తం పోయి చనిపోయినవాళ్ళు 14.6 నుంచి 9.2 శాతానికి తగ్గారు.

మామను ఏది తీసుకుపోయిందో నాకు తెలియదు, ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. దారిలో ఆగి ఉంటే ఆ ఆసుపత్రుల్లో ఏం ఉండేదో కూడా తెలియదు. 108 అంబులెన్స్ హైదరాబాద్‌లో మొదలైంది 2005 ఆగస్టు 15న, మాకు రెండేళ్ళు ఆలస్యంగా. కానీ ఇరవై ఏళ్ళ తరువాత ఇబ్రాలో, రెండు డిగ్రీలు చదివిన నేను అన్న మాట మా పెద్దవాళ్ళు అన్న మాటే. పెద్ద దవాఖానకే పోదాం.

ఆ మాటలో తప్పుందా అంటే, సగమే ఉంది. అమెరికాలో 2006లో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం, తీవ్రంగా గాయపడినవాళ్ళకు ట్రామా సెంటర్‌లో వైద్యం జరిగితే ఏడాదిలోపు మరణాలు 10.4 శాతం, మామూలు ఆసుపత్రిలో 13.8. అంటే పెద్ద ఆసుపత్రి గొప్ప నిజమే. చిక్కల్లా మధ్యలో ఉన్న రోడ్డుతోనే. రక్తం పోతున్నవాడికి ఇబ్రా నుంచి మస్కట్ దాకా సాగే రోడ్డు మీద ఆపరేషన్ థియేటర్ ఉండదు.

ఈ చిక్కును విప్పింది కూడా ఒక ప్రమాదమే. 1976 ఫిబ్రవరిలో అమెరికాలోని నెబ్రాస్కాలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టరు స్వయంగా నడుపుతున్న చిన్న విమానం పొలాల్లో కూలింది. భార్య అక్కడే చనిపోయింది, పిల్లలకు పెద్ద గాయాలు. దగ్గర్లోని చిన్న ఆసుపత్రిలో అందిన వైద్యం చూసి, పొలంలో ఉత్త చేతులతో నేనే ఇంతకన్నా బాగా చూసుకున్నానే అని ఆయన బాధపడ్డాడు. అందులోంచి పుట్టిందే ఏటీఎల్ఎస్ అనే శిక్షణ. మొదటి తరగతులు 1978లో, అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ దాన్ని చేపట్టింది 1980లో. ఇప్పుడు ప్రపంచమంతా అదే వరుస: ముందు ఊపిరి దారి, తరువాత శ్వాస, తరువాత రక్తం, కారిపోతున్న రక్తం కళ్ళకు కనిపిస్తే అన్నిటికన్నా ముందు దాన్ని ఆపడం. చిన్న ఆసుపత్రి చేయాల్సింది ప్రాణం నిలబెట్టడం, తన వల్ల కానిదాన్ని గుర్తించి వెంటనే పంపేయడం. అనవసరమైన స్కానింగుల కోసం పట్టుకుని కూర్చోవడం కూడా తప్పే. ఇబ్రాలో ఆ రాత్రి నేను చూసింది ఈ పద్ధతినే, నాకప్పుడు తెలియలేదు.

గోల్డెన్ అవర్ అనే మాట మీరు వినే ఉంటారు. బాల్టిమోర్ సర్జన్ ఆడమ్స్ కౌలీ ప్రచారంలోకి తెచ్చాడు. సరిగ్గా అరవై నిమిషాలని దాని వెనక గట్టి లెక్కలేమీ లేవు. ట్రనెక్సామిక్ ఆసిడ్ మూడు గంటలకు మాత్రం లెక్కలున్నాయి.

మనవాళ్ళు ఒమన్‌లో వేల సంఖ్యలో ఉన్నారు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చి డ్రైవర్లుగా, కూలీలుగా ఎండలో పనిచేసేవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో చాలామందికి ఈ వ్యాసం చేరదు, మీరే ఫోన్‌లో చెప్పాలి. ఒమన్‌లో పోలీసుకైనా అంబులెన్స్‌కైనా 9999. కాల్ చేస్తే టైము దానంతటదే నమోదైపోతుంది, అదే తరువాత అక్కరకొస్తుంది. రక్తం చిమ్ముతుంటే శుభ్రమైన గుడ్డతో, లేకపోతే ఉన్న గుడ్డతోనే, గాయం మీద బలంగా అదిమి పట్టాలి, నిమిషానికోసారి తీసి చూడకూడదు. ఆ ఒమనీ పెద్దాయన చేసింది అదే. మన అలవాటు కొద్దీ నీళ్ళు తాగించకండి. స్పృహ సరిగా లేనివాడికి అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ఆపరేషన్‌కూ అడ్డమే. ఒళ్ళు దుప్పటితో కప్పండి, ఎడారి రాత్రి అనుకున్నదానికన్నా చలిగా ఉంటుంది. కారు నేరుగా ఒంటెను గుద్దితే కథ వేరు. కాళ్ళు విరిగిన ఒంటె నాలుగైదు వందల కిలోల శరీరంతో కారు కప్పు మీద పడుతుంది, లోపలివాళ్ళ తల, మెడ నలుగుతాయి. అలాంటప్పుడు మంటలో, ఇంకో ప్రమాదమో ముంచుకొస్తే తప్ప బయటికి లాగకండి, మెడ కదలకుండా పట్టుకుని అంబులెన్స్ కోసం చూడండి.

సెలవుల్లో ఇండియా వెళ్ళినప్పుడు రోడ్డు మీద ఎవరైనా పడి ఉంటే, కేసుల్లో ఇరుక్కుంటామని తప్పుకుపోయే రోజులు పోయాయి. 2016లో సుప్రీం కోర్టు, 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 134ఎ సెక్షన్ సాయం చేసినవాళ్ళకు రక్షణ ఇచ్చాయి. మీ పేరు చెప్పమని కూడా ఎవరూ బలవంతం చేయకూడదు.

చివరగా రక్తం. మా కుర్రాడిది బి నెగటివ్. మన ఉపఖండంలో నెగటివ్ గ్రూపులు నూటికి ఐదారుగురికి మించి ఉండవు. ఆ రాత్రి నిల్వలో ఉన్నదే ఎక్కించారు. అది ఎవరిచ్చిందో ఎవరికీ తెలియదు. మన సంఘం మస్కట్‌లో తరువాతి రక్తదాన శిబిరం పెట్టినప్పుడు ఇబ్రా నుంచి ఒక బండి నిండా వస్తాం. ఇప్పటికి నలుగురం పేర్లిచ్చాం. కుర్రాడు కూడా వస్తానని గొడవ చేస్తున్నాడు కానీ, రక్తం ఎక్కించుకున్నవాళ్ళు కొంతకాలం ఇవ్వకూడదట. బండి నడపడానికి వస్తానన్నాడు, పగటిపూట అయితేనే.